ఫుప్పమ్మకి కుర్చీ లేని దావత్

ఈ మధ్య మన ఘరానాల్లో ఒక కొత్త రివాజు పుట్టింది. పైగామ్ వస్తే లడ్కేవాలే మన ఇంటికి రావడం లేదు, మనల్ని వాళ్ల ఇంటికి రమ్మనడం లేదు. "ఎందుకు ఆంటీ తక్లీఫ్, బయటెక్కడైనా కూర్చుందాం" అంటున్నారు. బయట అంటే ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ అనుకునేరు. జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో అయిదో అంతస్తు మీద, మెనూ చదవాలంటే ఫోన్ టార్చి వేసుకోవాల్సినంత మసక వెలుగులో, గోడలకి తెల్ల సున్నం, కిటికీలకి నీలం రంగు వేసి, కుండీలో ఆలివ్ మొక్క పెట్టిన మెడిటరేనియన్ రెస్టారెంట్. బిస్మిల్లాతో మొదలయ్యే మాటలు ఇప్పుడు "రిజర్వేషన్ కన్ఫర్మ్ అయ్యిందా?" అనే ప్రశ్నతో మొదలవుతున్నాయి.

దీని మీద రాస్తానంటే మా ఆయన నవ్వారు. "తిండి మీద కూడా జగడమేనా నీకు?" అన్నారు. తిండితో నాకేం దుష్మనీ లేదు. ఆ టేబుల్ దగ్గర ఎవరికి కుర్చీ వేశారు, ఎవరికి వేయలేదు, ఆ మెనూలో ఎవరి పేరు ఉంచారు, ఎవరి పేరు కొట్టేశారు, దాని మీదే నా జగడం.

ముందే ఒకటి చెప్పేస్తాను, లేకపోతే బెహనులంతా నా మీద పడతారు. బయట తినడం తప్పని నేను అనడం లేదు. మా అమ్మీ ఈద్ రోజు పాతికమందికి వండి, వడ్డించి, చివర్న అడుగంటిన బిర్యానీ గోక్కుని చల్లారిన సాలన్‌తో తినేది. ఆమె కూర్చుని వేడివేడిగా తిన్న దావత్ ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. ఇంటి దస్తర్‌ఖాన్ గొప్పతనం గురించి తఖ్రీర్లు ఇచ్చే మర్దుల్లో ఎంతమంది ఆ రోజు కిలో ఉల్లిపాయలు తరిగారో చెప్పమనండి. ఉద్యోగం చేసి వచ్చి, మళ్లీ చూల్హా దగ్గర నిలబడే ఆడది "ఈ పూట నా వల్ల కాదు, బయట తిందాం" అంటే అది ఆమె హక్. కాబట్టి ఈ రాతని చూపించి ఎవరూ తమ బీబీని వంటింట్లోకి తోయొద్దు. నా మాట వేరే.

నా మాట ముందు ఆ పేరు గురించి. మెడిటరేనియన్.

మన ఏడో క్లాసు భూగోళంలో ఇది మధ్యధరా సముద్రం. అరబ్బులు అల్ బహ్ర్ అల్ అబ్యద్ అల్ ముతవస్సిత్ అంటారు, నడిమి తెల్ల సముద్రం అని. తుర్కీలకి అక్‌దెనిజ్, అదీ తెల్ల సముద్రమే. మ్యాప్ తీసి చూడండి. ఉత్తరాన స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్. తూర్పున, దక్షిణాన తుర్కీ, సిరియా, లెబనాన్, ఫలస్తీన్, ఈజిప్టు, లిబియా, తునీసియా, అల్జీరియా, మొరాకో. అంటే ఆ సముద్రపు ఒడ్డు సగం అజాన్ వినే ఒడ్డు. కానీ హైదరాబాద్‌లో ఆ పేరు పెట్టుకున్న హోటల్లోకి వెళితే గోడ మీద ఉండేది గ్రీసు ద్వీపం ఫోటో. కంచాల్లోకి వచ్చేది మాత్రం ఎక్కువగా అవతలి ఒడ్డు ఖానా.

ఆ మాటలే చూడండి. మెజ్జే అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. అది ఫార్సీ "మజా" నుంచి తుర్కీలోకి పోయిన మాట. మనం రోజుకి పదిసార్లు "క్యా మజా ఆయా" అంటామే, ఆ మజానే. హుమ్ముస్ అంటే అరబ్బీలో శనగలు, అంతే. తహీనా అంటే నూరినది. లబ్నే వెనక ఉన్నది లబన్, పాలు. ముహమ్మరా అంటే ఎర్రగా చేసింది. డోల్మా అంటే తుర్కీలో కూరింది, మన గుత్తివంకాయ లాగా. మక్లూబా అంటే తిరగేసింది. ఇన్‌క్విలాబ్ అన్న మాటకీ దానికీ ఒకటే వేరు. శనగలూ తహీనా కలిపి నూరే వంటలు 13వ శతాబ్దపు అరబ్బీ వంట పుస్తకాల్లోనే ఉన్నాయి. ఇవన్నీ చదువు రాని వంటవాళ్లు కూడా పలికే మాటలు, ఊళ్లున్న మాటలు, మనుషులున్న మాటలు.

ఇటీవల నేను కూర్చున్న ఒక రెస్టారెంట్లో, పేరు అనవసరం, మెనూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. "అరబ్" అన్న మాట ఒక్కచోట లేదు. ఫలస్తీన్ లేదు. సిరియా లేదు. గ్రీక్ ఉంది, టస్కన్ ఉంది, సిసిలియన్ ఉంది. ముసాఖ్ఖన్, అంటే కొత్త జైతూన్ నూనె తీసే రోజుల్లో ఫలస్తీనీ రైతులు ఆ నూనెలోనే ఉల్లిపాయలు మగ్గబెట్టి, సుమాక్ వేసి, కోడిమాంసంతో రొట్టె మీద పరిచి తినే వంట, అక్కడ "సుమాక్ చికెన్ ఫ్లాట్‌బ్రెడ్". గ్రీకు వాడికి ఊరుంది, ఇటలీ వాడికి జిల్లాతో సహా చిరునామా ఉంది, అరబ్బుకి మాత్రం ఖాళీ. పేరు నిలుపుకున్న హుమ్ముస్ కూడా అనాథలాగే వచ్చింది, మా ఊరు ఫలానా అని చెప్పుకోకుండా.

ఇది హైదరాబాద్ హోటల్ వాడు కనిపెట్టిన హునర్ కాదు, బయటినుంచే అలా వచ్చింది. మెడిటరేనియన్ డైట్ అన్న మాటని ప్రపంచానికి బాగా అంటించిన వాడు అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్. 1958లో మొదలైన ఆయన ఏడు దేశాల అధ్యయనంలో అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, గ్రీస్, యుగోస్లావియా, జపాన్ ఉన్నాయి. తూర్పు తీరం, దక్షిణ తీరం నుంచి ఒక్క దేశమూ లేదు. 1975లో ఆయన, ఆయన భార్య మార్గరెట్ కలిసి ఈ తిండి మీద పుస్తకం వేశారు. 2010లో యునెస్కో మెడిటరేనియన్ డైట్‌ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది: స్పెయిన్, గ్రీస్, ఇటలీ, మొరాకో పేర్ల మీద. 2013లో సైప్రస్, క్రొయేషియా, పోర్చుగల్ చేరాయి. పోర్చుగల్‌కి మధ్యధరా సముద్రపు ఒడ్డు గజం కూడా లేదు, దానిది అట్లాంటిక్. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, అర్జీ పెట్టుకున్న దేశాల పేర్లే అక్కడ ఎక్కుతాయి, పోర్చుగల్ పెట్టుకుంది, ఎక్కింది. అయినా ఒడ్డు లేని వాడు లోపల, ఒడ్డు మీద వెయ్యేళ్లుగా శనగలు నూరుతున్నవాడు బయట ఉన్నాడంటే, ఆ పేరు ఎవరి కోసం పనిచేస్తోందో ఆలోచించుకోండి.

లెబనాన్ వాళ్లకి ఈ రోషం ఎంత ఉందంటే, 2010 మేలో మూడువందల మంది వంటవాళ్లు కలిసి 10,452 కిలోల హుమ్ముస్ చేసి గిన్నిస్‌లో ఎక్కారు. ఎందుకు ఆ లెక్క? వాళ్ల దేశం విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు. అంతకు కొద్దినెలల ముందు ఇజ్రాయెల్‌లోని అబూ ఘోష్ అనే అరబ్బు ఊరిలో నాలుగువేల కిలోలపైన చేసి రికార్డు కొట్టారు, దానికిది జవాబు. శనగల ముద్ద కోసం ఇంత హంగామా ఏంటని మనం నవ్వొచ్చు. కానీ హైదరాబాదీ హలీమ్‌కి 2010లోనే జీఐ గుర్తింపు వచ్చినప్పుడు మనం మిఠాయి పంచుకున్నాం. రేపు ఎవడో లండన్‌లో దాన్ని "డెక్కన్ వీట్ పారిడ్జ్" అని అమ్మితే మన నోళ్లు ఊరుకుంటాయా?

సరే, అమ్మేవాడు పేరు ఎందుకు దాస్తాడో అర్థం చేసుకోవచ్చు. వాడిది దుకాణం. తినేవాడికి కబాబ్ కావాలి, కబాబ్ వెనక ఉన్న మనిషి వద్దు. "మీవాళ్లకి అద్దెకివ్వం, నాన్‌వెజ్ వాసన" అని మా చిన్నతమ్ముడి మొహం మీద తలుపేసిన ఇంటాయన ఆదివారం పెళ్లాం పిల్లలతో లాంబ్ కోఫ్తా తింటూ స్టేటస్ పెట్టాడు. అదే పొగ, అదే కొవ్వు. కాకపోతే అక్కడ దానికి మెడిటరేనియన్ అని పేరు, మా తమ్ముడి వంటింట్లో దానికి మా పేరు.

నాకు కోపం వాళ్ల మీద తక్కువ, మన మీద ఎక్కువ. ఎందుకంటే మనకీ ఆ దాచడమే నచ్చుతోంది.

బార్కస్ వెళదాం అనండి మన కొత్త ఘరానాల్లో. "అంత దూరమా? పార్కింగ్ ఉంటుందా? ఫ్యామిలీతో సేఫేనా?" సేఫేనా అని అడుగుతున్నది ముసల్మానులే! నిజాం ఫౌజులో చేరడానికి యమన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ అది, బ్యారక్స్ అన్న మాటే నలిగి నలిగి బార్కస్ అయ్యింది. మన హలీమ్‌కి తల్లి అయిన హరీస్ అక్కడ తెల్లవారే తింటారు. మన షాదీల్లో మొదట వచ్చే మరగ్ అరబ్బీ మరఖే. పెద్ద థాలీ చుట్టూ కింద కూర్చుని అయిదారుగురు కలిసి మందీ తినే చోటు అది. నిజమైన అరబ్బీ ఖానా కావాలంటే ఈ నగరంలోనే ఉంది, ఉన్నవాళ్లూ ఉన్నారు. కానీ అక్కడ మనల్ని చూసేవాళ్లకి మనం ముసల్మానులం. జూబ్లీహిల్స్‌లో అదే మాంసం తింటే మనం "వెల్ ట్రావెల్డ్".

ట్రావెల్ అంటే గుర్తొచ్చింది. కడప, రాయచోటి నుంచి కువైత్ పోయినవాళ్లు లేని గల్లీ ఉందా మనకి? మా భాయ్‌జాన్ పదకొండేళ్లు అక్కడే డ్రైవర్. పొద్దున డ్యూటీకి పోయేముందు ఫుట్‌పాత్ మీద ఖుబూస్, ఫూల్, కాస్త హుమ్ముస్. ఫూల్ అంటే పెద్ద చిక్కుడు గింజలు ఉడకబెట్టి మెదిపింది, ఈజిప్టు గరీబుల నాష్తా. ఎందుకు తినేవాడంటే అది సస్తా, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. ఆ రోజుల్లో వచ్చిన ఉత్తరాల్లో "ఇక్కడ శనగపప్పు పచ్చడి లాంటిది రొట్టెతో తింటున్నాం, అమ్మీ" అని రాసేవాడు. ఆ కూలీల నాష్తా ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో మట్టి గిన్నెలో, మధ్యలో గుంట చేసి నూనె పోసి, పైన మూడు దానిమ్మ గింజలు వేసి, రూ. 595.

శనగలు ఎక్కడివో కూడా చెప్పనా? మా ప్రకాశం జిల్లా కాబూలీ శనగలకి పేరున్న జిల్లా. మా ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో పొగాకు వదిలి శనగ వేసిన రైతులు ఎంతమందో. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనలో పాలుపంచుకున్న రకాలతోనే ఆంధ్రలో శనగ దిగుబడి మారిపోయింది. ఆ గిన్నెలోని శనగలు మా ఊరి గోడౌన్ నుంచి వచ్చి ఉంటే నాకేం ఆశ్చర్యం లేదు. ఒక గిన్నెకి డెబ్భై గ్రాముల ఎండు శనగలు పడితే ఎక్కువ. నువ్వులు మన దగ్గర కొత్తా? ఖిచ్‌డీ, ఖీమా పక్కన పోసే ఖట్టాలో నూరేది నువ్వులే. మన పల్లెల్లో నువ్వుల నూనెకి ఉన్న పేరే మంచినూనె. బాబా ఘనూష్ అంటే వంకాయ నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి మెదిపి, తహీనా కలిపింది. మా ఫుప్పమ్మ చేసే కాల్చిన వంకాయ పచ్చడిలో తహీనా బదులు పచ్చిమిర్చి, చింతపండు. ఆమె దానికి ఎప్పుడూ డబ్బు అడగలేదు.

ఇక ఫుప్పమ్మ దగ్గరికి వచ్చేశాను కాబట్టి, ఆ దావత్ సంగతి చెబుతాను.

మా భాయ్‌జాన్ కూతురికి రిష్తా వచ్చింది. అబ్బాయి మంచి ఉద్యోగం, వాళ్ల ఘరానా మాకన్నా రెండు మెట్లు పైన. పైన చెప్పినట్టే ఒక మెడిటరేనియన్ హోటల్లో కూర్చుందామన్నారు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. మా వైపు భాయ్‌జాన్, భాభీ, అమ్మాయి, నేను, మా ఆయన. "ఫుప్పమ్మ?" అన్నాను. "టేబుల్ పదిమందికే అట" అంది భాభీ.

మా ఫుప్పమ్మ బేవా. పిల్లలు లేరు. భాయ్‌జాన్ కువైత్‌లో, భాభీ ఆస్పత్రిలో నైట్ డ్యూటీల్లో ఉన్నప్పుడు ఆ అమ్మాయిని రెండేళ్ల నుంచి పదేళ్ల దాకా పెంచింది ఆమే. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది, ఖాయిదా చదివించింది, జడ వేసింది ఆమే. ఆ అమ్మాయి నిఖా మాట మొదలయ్యేచోట ఆమెకి కుర్చీ లేదట.

నేను హోటల్‌కి ఫోన్ చేశాను. "పదకొండో మనిషికి చోటుంటుందా బాబూ?" అని. "ష్యూర్ మ్యామ్, పన్నెండు మందికైనా వేస్తాం" అన్నాడు ఆ కుర్రాడు, ఎంతో మర్యాదగా. మరి లేదన్నది ఎవరు? హోటల్ కాదు. అది తెలిశాక భాభీ అసలు మాట చెప్పింది. ఫుప్పమ్మకి ఫోర్క్ పట్టుకోవడం రాదు. పాన్ నములుతుంది. అన్నిటికన్నా పెద్ద నేరం, ఆమె నోట్లో ఉర్దూ కన్నా ఒంగోలు తెలుగు ఎక్కువ. "వాళ్లు లఖ్నవీ అనుకునేంత సాఫ్ ఉర్దూ మాట్లాడతారు, ఈమె 'ఏందమ్మా కోడలా' అంటే మన ఇజ్జత్ ఏం కావాలి?" అంది. భాభీది పుట్టిల్లు చీరాల. ఆమె అమ్మీ ఇంట్లో ఏ భాష మాట్లాడేదో నాకు తెలుసు.

ఇదీ నేను చెప్పేది. హోటల్ వాడు మెనూలోంచి అరబ్బుని తీసేశాడు, తినేవాళ్లకి ఇబ్బంది లేకుండా. మనం టేబుల్ దగ్గరినుంచి ఫుప్పమ్మని తీసేశాం, అదే కారణానికి. ఆమె చేతి వంట కావాలి, ఆమె పెంచిన పిల్ల కావాలి, ఆమె మాత్రం కనపడకూడదు. ఆ హోటల్ ఊరికే దొరకలేదు ఇలాంటివాటికి. ఇంట్లో దావత్ అయితే ఆమెని ఏ గదిలో దాస్తారు? ఆమె వచ్చి సలామ్ చెబుతుంది, పిల్లాడి తల నిమురుతుంది, "ఏ ఊరు నాయనా మీది" అంటుంది. దూరపు చాచా వస్తాడు, మాసిన లుంగీతో పక్కింటి ఖాలూ వస్తాడు. ఘరానా మొత్తం, ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది. రిజర్వేషన్ అనేది ఆ భయానికి దొరికిన దవా.

నేను వెళ్లాను, అమ్మాయి రమ్మంది కాబట్టి. కూర్చోగానే వెయిటర్‌ని "మాంసం హలాలేనా? ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగాను. మామూలు గొంతుతోనే. టేబుల్ మీద అందరూ ఒక్కసారి నీళ్ల గ్లాసులు చూసుకున్నారు. అబ్బాయి అమ్మీ "ఇంత పెద్ద ప్లేస్‌లో అవన్నీ చూసుకునే ఉంటారు లెండి" అంది, నవ్వుతూ. పెద్ద ప్లేస్ కాబట్టే అడగాలి. గల్లీ హోటల్లో కసాయి ఎవరో నాకు తెలుసు. ఇక్కడ లాంబ్ ఏ దేశం నుంచి ఫ్రీజ్ అయి వచ్చిందో, సాస్‌లో వైన్ పోశారో లేదో కంచం చూస్తే తెలియదు. ఆ వెయిటర్ లోపలికెళ్లి కనుక్కుని వచ్చి చెప్పాడు: చికెన్, మటన్ హలాల్, లాంబ్ ర్యాక్ సాస్‌లో వైన్ ఉంది. అబ్బాయి అబ్బా ఆర్డర్ చెప్పబోతున్నది ఆ లాంబ్ ర్యాకే. ఆ మాట అడగడానికి ముప్పై సెకన్లు పట్టింది. సిగ్గుపడి అడగకుండా ఉంటే ఎంతమందిమి తినేవాళ్లమో.

అసలు విచిత్రం, అడిగితే వాళ్లు చెబుతారు. కోప్పడరు. మనమే ముందు నుంచి కుచించుకుపోయి కూర్చుంటాం.

బిల్లు ఎవరిచ్చారన్నది వాళ్ల వాళ్ల మధ్య విషయం, లెక్క మాత్రం చూశాను, నా అలవాటు. తిండీ తాగుడూ (షర్బత్‌లే లెండి) రూ. 27,400. సర్వీస్ చార్జి పది శాతం రూ. 2,740. ఆ రెండూ కలిపిన దాని మీద జీఎస్టీ అయిదు శాతం రూ. 1,507. మొత్తం రూ. 31,647. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాల్ని నిలబెట్టింది. ఇవ్వాలనిపిస్తే ఆ కుర్రాడి చేతికి ఇవ్వండి, బిల్లులోంచి తీయించండి, తీయకపోతే 1915కి ఫోన్ చేయండి. కూరగాయల బండి దగ్గర పది రూపాయలకి పావుగంట బేరమాడే మనవాళ్లు అక్కడ రెండువేల ఏడువందలు నోరెత్తకుండా కడతారు. మా గల్లీలో మటన్ కిలో తొమ్మిది వందలు. ముప్పై అయిదు కిలోలు వస్తుంది ఆ డబ్బుకి. ఫుప్పమ్మ ఫించనుతో నెల గడుపుతుంది.

టేబుల్ మీద సగం ఖానా మిగిలిపోయింది. ప్యాక్ చేయమన్నాను. మళ్లీ అందరూ గ్లాసులు చూసుకున్నారు. ఇస్రాఫ్ మీద జుమ్మా బయాన్ విని తలలూపేవాళ్లకి మిగిలిన రొట్టె కట్టించుకోవడం నామోషీ. రిష్తా ఏమైందంటారా? అది ఆ అమ్మాయి సంగతి, ఇక్కడ రాయను.

ఇంకొక మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు. గాజా కూడా మధ్యధరా ఒడ్డునే ఉంది. నలభై కిలోమీటర్ల ఒడ్డు. అక్కడివాళ్ల వంట చుట్టుపక్కల అరబ్బుల వంట కన్నా కారం. పచ్చిమిర్చి, టమాటా, సోయికూర గింజలు, వెల్లుల్లి మట్టి గిన్నెలో వేసి చెక్క రోకలితో నూరి, జైతూన్ నూనె పోసి తింటారు. దగ్గా అంటారు. చదివినప్పుడు నాకు మా రోటి పచ్చడి కళ్లకి కట్టింది. వంకాయ, పప్పు, దానిమ్మ రసంతో రుమ్మానియ్యా అని ఇంకొకటి చేస్తారు. హైదరాబాద్‌లో ఏ మెడిటరేనియన్ మెనూలోనూ ఈ రెండూ నాకు ఇంతవరకు కనపడలేదు. 2025 ఆగస్టు 22న, ప్రపంచ ఆహార భద్రతని కొలిచే ఐపీసీ గాజా గవర్నరేట్‌లో కరువు ఉందని నిర్ధారించింది. మధ్యధరా ఒడ్డున, పిల్లలు ఆకలితో చచ్చిపోయే కరువు. అదే రోజుల్లో మన ఇళ్లలో ఫలస్తీన్ కోసం దువా చేశాం, స్టేటస్‌లు పెట్టాం, ఏ కంపెనీ కూల్‌డ్రింక్ తాగొద్దో లిస్టులు పంచుకున్నాం. తర్వాత వెళ్లి వాళ్ల వంటని వాళ్ల పేరు లేకుండా తిని, "ఆథెంటిక్" అని అయిదు నక్షత్రాలు ఇచ్చి వచ్చాం. ముసాఖ్ఖన్ పక్కన "ఫలస్తీన్" అని రాయమని మేనేజర్‌కి ఒక్క మాట చెప్పడానికి ఖర్చేం లేదు. నేను చెప్పాను. "ఫీడ్‌బ్యాక్‌లో రాయండి మ్యామ్" అన్నాడు. రాశాను. మీరూ రాయండి. పదిమంది రాస్తే వాడు మెనూ మళ్లీ అచ్చేసేటప్పుడు ఆలోచిస్తాడు, దుకాణదారు కదా.

నాకు ఎదురొచ్చే సవాళ్లు నాకు తెలుసు. ఒకటి, "అయితే పిల్లల్ని మంచి హోటల్‌కి తీసుకెళ్లకూడదా?" తీసుకెళ్లండి. తీసుకెళ్లి, మజా అన్న మాట మెజ్జే ఎలా అయ్యిందో చెప్పండి. మీ మామూ కువైత్‌లో ఫుట్‌పాత్ మీద ఇదే తిన్నాడని చెప్పండి. పిల్లలకి ఆ గిన్నె ఇంకా రుచిగా ఉంటుంది, మా వాళ్లకి ఉంది. రెండు, "ఇంట్లో దావత్ అంటే మళ్లీ ఆడవాళ్ల చాకిరీయే కదా?" దానికి జవాబు బావర్చీ. పదిమందికి హోటల్లో పెట్టిన ఖర్చులో సగంతో ఒక బావర్చీ వచ్చి యాభైమందికి దమ్ చేసి పెట్టి పోతాడు, గిన్నెలు కడగడానికి మనిషిని పెట్టినా ఇంకా మిగులుతుంది. లేదా మర్దులు వండాలి. మా భాయ్‌జాన్‌కి బ్రహ్మాండంగా వంట వచ్చు, కువైత్‌లో పదకొండేళ్లు వండుకున్నాడు. విమానం దిగిన రోజు నుంచి మర్చిపోయాడు.

మూడోది మా భాభీ అడిగింది: "పెద్దింటివాళ్లు ఫుప్పమ్మని చూసి రిష్తా వద్దంటే?" అంటే అంటారు. అమ్మాయిని పెంచిన మనిషిని చూసి వద్దనేవాళ్లు అమ్మాయి వెళ్లాక ఆమెని ఏమంటారో ఇప్పుడే తెలియడం నయమా, నిఖా అయ్యాకనా? మెహర్ ఎంత అని గంటసేపు మాట్లాడతాం, ఈ ఒక్క సంగతి మాత్రం ఫోర్కుల చాటున దాచేస్తాం.

కాబట్టి ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "టేబుల్ పదిమందికే" అంటే, ఆ హోటల్ నంబర్ అడిగి తీసుకోండి. మీరే ఫోన్ చేసి పదకొండో కుర్చీ ఉందా అని అడగండి. ఉందంటాడు. ఆ తర్వాత ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి ఇంకోసారి అడగండి, ఇంట్లో అందరూ వినేలా.